కాశీ సత్రం వరండాలో

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మనవాళ్ళ నమ్మకం. అమ్మ కడుపులో మోసిన తొమ్మిది నెలలకు గుర్తుగా అంటారు. మావారు ఉండగా కుదరలేదు. కిందటి కార్తీకంలో మా వదినతో కలిసి వెళ్ళాను. అబ్బాయి హోటల్ బుక్ చేస్తానన్నాడు. వదిన మాత్రం కేదార్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ళ సత్రమే కావాలని పట్టుబట్టింది. ఆ పట్టుదలకు ఇప్పటికీ ఆవిడకు దణ్ణం పెట్టుకుంటాను.

విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, అందరి దర్శనాలూ చక్కగా అయ్యాయి. 2021 చివర్లో కారిడార్ తెరిచాక గంగ ఒడ్డు నుంచి గుడిదాకా విశాలమైన దారి ఏర్పడింది. కష్టమల్లా ఘాట్ మెట్లతోనే. కేదార్ ఘాట్‌లో ఎరుపు తెలుపు చారల మెట్లు నిటారుగా దిగుతాయి, నీళ్ళ దగ్గర జారుతుంటాయి. నాకు చాలా ఏళ్ళుగా షుగర్. అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయింది. మెట్టు మీద కాలు ఆనిందో లేదో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియదు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెబితే వీధి చివరి గుడికి కూడా ఒక్కదాన్నీ పంపరని భయం.

రాత్రి భోజనాలయ్యాక అందరం వరండాలో చేరేవాళ్ళం. పేర్లకంటే ఊళ్ళే ముందు తెలిశాయి. ఒకరోజు గుడివాడావిడ ఉన్నట్టుండి అంది: "రైల్లో రాత్రంతా మంచినీళ్ళు ముట్టలేదమ్మా. దగ్గినా తుమ్మినా ఆగడం లేదు. కోడలికి తెలిస్తే ఏమనుకుంటుందో అని ఒకటే బెంగ."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా వదిన, "నాకూ అంతే వదినగారూ" అంది. నలభై ఏళ్ళుగా నాతో అన్నీ చెప్పుకునే మనిషి, ఈ ఒక్కటీ దాచుకుంది! నల్గొండ నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సమ్మ దగ్గరికి జరిగి, "నీళ్ళు బంద్ చేయొద్దక్కా, ఇన్ఫెక్షన్ వస్తది. దీనికి వ్యాయామాలున్నయి, మందులున్నయి. డాక్టరమ్మకు చెప్పు, సిగ్గుపడకు" అంది. అప్పుడు నాకూ నోరు పెగిలింది. పాదాల సంగతి చెప్పాను. ఆవిడ లైటు కిందికి రమ్మని నా అరికాళ్ళు పట్టి చూసింది. మడమ దగ్గర పొక్కు చితికి ఉంది. నాకు నొప్పే తెలియలేదు. శుభ్రం చేసి కట్టు కట్టి, రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోమంది. గుళ్ళో తప్ప ఉత్త కాళ్ళతో నడవనని మాట తీసుకుంది.

రాజమండ్రి దంపతులు మాత్రం ఎవరితోనూ కలిసేవారు కాదు. ఆయన రైల్వేలో గార్డుగా చేశారు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఎక్కడికైనా వెళ్ళిపోతారేమోనని ఫోన్ నంబరు రాసిన కాగితం చొక్కా జేబుకు కుట్టించింది ఆవిడ. ఆయన చెయ్యి వదలలేక గంగలో మునక కూడా వేయలేదు. ఆ మాట అంటూ ఏడ్చేసింది. మర్నాటి నుంచి మేం వంతులు వేసుకున్నాం. ఒకరు ఆయన దగ్గర కూర్చుంటే, ఇద్దరు ఆవిడను చెరో రెక్కా పట్టుకుని ఘాట్ దింపేవాళ్ళు. నా వంతులో ఆయన స్టేషన్లు చదివేవారు: ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు... విశాఖపట్నం దాకా ఒక్కటీ తప్పలేదు. భార్య పేరు అడిగితే మాత్రం నా మొహంలోకి చూసేవారు. ఆవిడ తడి చీరతో మెట్లెక్కి వచ్చి, "ఇన్నాళ్ళకు నాకంటూ ఒక గంట దొరికిందక్కయ్యా" అంది. నాకు ఆ యాత్రలో అన్నిటికంటే గుర్తుండిపోయిన మాట అది.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అనేవారు వెనకటికి. మేం మాత్రం మందుల డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని, ఎవరికి ఏ పూట ఏ మాత్ర అని ఒకరికొకరం గుర్తుచేసుకుంటూ బతుకు గురించే మాట్లాడుకున్నాం. నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని దాచుకునే టెన్షన్ మాత్రం పోయింది.

ఇంటికొచ్చిన వారంలోనే అబ్బాయికి పాదాల సంగతి చెప్పాను. కోప్పడలేదు, డాక్టరుకు చూపించి మెత్తటి చెప్పులు కొనిచ్చాడు. గుడివాడావిడ కూడా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది, కోడలే తీసుకెళ్ళిందట. రాజమండ్రి ఆవిడ ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఆయన ఈమధ్య రాత్రిళ్ళు నిద్రపోవడం లేదట. వచ్చే నెల వదినా నేనూ వెళ్ళి నాలుగు రోజులు ఉండొద్దామనుకుంటున్నాం, ఆవిడ కాస్త కంటినిండా నిద్రపోవడానికి.