మా పాప కంఠత వాక్యాల పోటీ: నా అనుభవం

నిన్ననే అయిపోయింది. కడుపులో మంట ఇంకా తగ్గలేదు.

పేరు రాయించడం ఐదు నిమిషాల పని. ఆధార్ జిరాక్స్, సండే స్కూల్ టీచర్ సంతకం, అంతే. ఆరేళ్ల పిల్లలకు బైబిల్లోని 23వ కీర్తన, ఆరు వచనాలు, చూడకుండా చెప్పాలి. రోజుకు యాభైసార్లు వల్లె వేయించమని ట్యూషన్ మేడం చెప్పింది. నేను రెండు రోజులు చేయించి మానేశా. మొదటి వచనంలో "నాకు లేమి కలుగదు" అని ఉంటుంది. పాప "లేమి అంటే ఏందమ్మా?" అని అడిగితే నాకు చప్పున చెప్పడం రాలేదు.

అందుకే కందుకూరు పక్కన మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లా. అమ్మ బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి అడుక్కి పెట్టి చూపించింది. "చేతికి ఒక్క గింజ తగలకపోతే, అది లేమి." ధాత కరువు సంగతీ అప్పుడే చెప్పింది. 1876-78లో జనం ఆకులలములు తిన్నారంట. ఒంగోలు క్రైస్తవ మిషన్ పాదిరి క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని కూలీ ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాప నోరు తెరుచుకుని విన్నది. ఆ పూట కంచంలో ఒక్క మెతుకు వదల్లేదు.

సాయంత్రం పొలంలో గొర్రెల మంద కట్టి ఉంటే చూపించాం. అన్నీ నెల్లూరు జోడిపి రకం, తెల్లటి ఒళ్లు, కళ్లచుట్టూ నలుపు. కాపరి దోటితో తుమ్మకొమ్మలు వంచి మేపుతున్నాడు. పక్కనే దుడ్డుకర్ర ఉంది.

"తాతా, దాంతో గొర్రెల్ని కొడతావా?"

"వాటిని ఎందుకు కొడతా తల్లీ? రాత్రిపూట కుక్కలొస్తే వాటికి."

పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, అందుకే 'నీ దుడ్డుకర్రయు నీ దండమును నన్ను ఆదరించును' అని ఉంది!" ఆ మొహంలో వెలుగు నేను జన్మలో మర్చిపోను. అప్పటినుంచి వల్లె వేయించాల్సిన పనే రాలేదు.

ఇక పోటీ. మైకు ముందు నాలుగు వచనాలు గడగడా చెప్పింది. ఐదో వచనంలో "నా గిన్నె నిండి పొర్లతా ఉండాది" అనేసింది. జడ్జిగా కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "పొర్లుచున్నది అనాలి. దేవుని మాటను ఇంటి మాట చేస్తారా? ఇంట్లో దిద్దేవాళ్లు ఎవరూ లేరా?" మైకులోనే అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట నేర్పింది తనే మరి. పాప పెదవులు వణికాయి. ఆరో వచనం రాలేదు. దిగి వచ్చేసింది.

తప్పు దిద్దొద్దని నేననను. మార్కులు కోసుకోండి. కానీ ఆరేళ్ల బిడ్డను నలుగురిలో మధ్యలో ఆపి, ఆమె అమ్మమ్మ మాటను అంత చులకన చేయడానికి మనసెలా వచ్చింది? పిల్లల్ని పంపేవాళ్లు ముందే అడగండి, చివరిదాకా చెప్పనిస్తారా లేదా అని. నేను అడగలేదు. లేమి అంటే ఏంటో ఆ హాల్లో ఎంతమంది పిల్లలకు తెలుసో కూడా ఎవరూ అడగలేదు.

బస్సులో పాప ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి రాగానే అమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. కాసేపటికి పాప కేక: "అమ్మమ్మా, పాలు పొర్లతా ఉండాయి!" అని, ఠక్కున ఆగి నా వైపు చూసింది, అనొచ్చా అన్నట్టు.

"అను తల్లీ," అన్నా.

మళ్లీ అన్నది, ఈసారి ఇంకా గట్టిగా. అమ్మ పొయ్యి ఆపేలోపే గిన్నె పక్కన నిలబడి ఐదో వచనం ఎత్తుకుంది. ఆరోది కూడా చివరిదాకా చెప్పింది.