జూరాల నుంచి సాగర్ దాకా: నీటిమట్టం చూసి వేసుకోవాల్సిన మూడు రోజుల కారు ప్రయాణం

పిల్లలు, పెద్దవాళ్లతో కలిసి కారులో తిరగడానికి పాలమూరు, నల్లగొండ వైపు కృష్ణ ఉత్తరపు ఒడ్డు లాంటి దారి మన దగ్గర ఇంకోటి లేదు. అయితే చాలామంది ముందు సెలవులు చూసుకుంటారు, తర్వాత రూములు బుక్ చేస్తారు, ప్రాజెక్టుల్లో నీళ్లున్నాయా అని చివరికి అడుగుతారు. అడగాల్సిన మొదటి మాటే అది.

ఎగువన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ ప్రాజెక్టులు నిండి గేట్లెత్తితే ఆ వరద ముందుగా జూరాలకు వస్తుంది. జూరాలలో నిల్వ తక్కువ కాబట్టి వరద తగలగానే గేట్లు లేపాల్సి వస్తుంది, మామూలుగా జులైలోనే. ఆ నీళ్లు శ్రీశైలాన్ని నింపాలి. అక్కడ పూర్తిమట్టం 885 అడుగులు. ఆ తర్వాతే సాగర్ వంతు, 590 అడుగులు. జూరాల గేట్లు ఎత్తారని టీవీలో చూసి అదే వారం సాగర్‌కు బయల్దేరితే 26 గేట్లూ మూసే ఉంటాయి. ఆగస్టు దాకా ఆగాలి, వరద రాని ఏడాది ఆశే వదులుకోవాలి. రోజూ పేపర్లో ప్రాజెక్టుల నీటిమట్టాలు వేస్తారు. పది రోజుల ముందు నుంచి ఆ పట్టిక చూస్తుంటే మట్టం పెరుగుతుందో తగ్గుతుందో తెలిసిపోతుంది.

ఇంకో ముడి ఉంది. కొల్లాపూర్ దగ్గరి కృష్ణ ఒడ్డు ఊరు సోమశిల అవతల సప్తనదుల సంగమేశ్వరం గుడి శ్రీశైలం నీళ్లలోనే ఉంటుంది. మట్టం 840 అడుగుల దగ్గరికి దిగితే గానీ గుడి బయటపడదు. అది ఎండాకాలం మాట. వేపకర్ర లింగానికి మొక్కుకోవాలంటే నిండిన జలాశయాన్ని వదులుకోవాలి, నిండు కృష్ణ కావాలంటే గుడిని వదులుకోవాలి. ఒకే ప్రయాణంలో రెండూ కావు, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. పిల్లలున్న ఇంటికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మేలు: వరద తగ్గి ఉంటుంది, నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ బాధ ఉండదు.

మొదటి రోజు నల్లగొండ నుంచి మొదలుపెట్టండి. ఊరి పక్కనే పానగల్లులో ఉదయసముద్రం చెరువు కట్ట, ఛాయాసోమేశ్వరం గుడి. గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడను పిల్లలకు చూపించి, అది ఎలా పడుతోందో కనిపెట్టమనండి, గంట తెలియకుండా గడిచిపోతుంది. అక్కడి నుంచి హాలియా మీదుగా సాగర్. జలాశయం మధ్య ఉన్న నాగార్జునకొండకు లాంచీ ఎక్కాలనుకుంటే శుక్రవారం పెట్టుకోవద్దు, ఆ రోజు అక్కడి మ్యూజియానికి సెలవు. తగినంత మంది ఎక్కితేనే లాంచీ కదులుతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. అందుకే రాత్రి సాగర్‌లో పడుకుని పొద్దున్నే రేవుకు పోవడం నయం. గేట్లెత్తిన ఆదివారమైతే వంతెన మీద కారు కదలదు, మామూలు రోజు చూసుకోండి.

రెండో రోజు ప్రయాణం పొడుగు. దేవరకొండ, డిండి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి రోజంతా పడుతుంది. లాంచీ ఎక్కి దిగాకే బయల్దేరాల్సి వస్తే అచ్చంపేటలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఆగిపోండి, కొత్త దారిలో చీకట్లో కారు నడపొద్దు. మధ్యాహ్నం సద్ది డిండి కట్ట దగ్గర విప్పుకుంటే సరిపోతుంది. అది వానల మీద ఆధారపడ్డ ప్రాజెక్టు, అలుగు దుంకుతుంటే అదృష్టమే. సోమశిలలో టూరిజం వాళ్ల హరిత కాటేజీలు కొన్నే ఉంటాయి, శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. శ్రీశైలానికి లాంచీ నీళ్లు చాలినన్ని ఉన్నప్పుడే నడుస్తుంది, పైగా రోజంతా పట్టే ప్రయాణం. కారు ఇవతలే ఉంటుందన్న సంగతి మరిచిపోవద్దు. చిన్నపిల్లలుంటే గంటసేపు పడవలో తిరిగి రావడమే మంచిది.

పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, బక్కిళ్లు పెట్టాలి. 2007లో ఇదే శ్రీశైలం జలాశయంలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. జాకెట్లు తక్కువున్నాయంటే తర్వాతి పడవ కోసం ఆగండి. నీళ్లు తీసిన ఒడ్డు మీద ఇంకో ప్రమాదం: పైన ఎండి పగుళ్లిచ్చిన మట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద ఒండ్రు మెత్తగా ఉండి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. రాళ్లున్న చోటే దిగాలి. కృష్ణలో మొసళ్లున్నాయి, పిల్లలను ఒడ్డున ఒంటరిగా వదలొద్దు.

మూడో రోజు కొత్తకోట నుంచి మదనాపురం దారి పట్టి సరళాసాగర్ చూడండి. వనపర్తి సంస్థానాధీశుల కాలంలో 1949లో మొదలై 1959లో పూర్తయిన ఈ ప్రాజెక్టు గురించి పక్క జిల్లాలోనే చాలామందికి తెలియదు. అలుగు మీద గేట్లు లేవు, సైఫన్లున్నాయి. నీళ్లు పూర్తిమట్టం దాటగానే కాంక్రీటు గొడుగు లోపలి అంచు మీదుగా దూకుతాయి, దూకుతూ లోపలి గాలిని ఈడ్చుకుపోతాయి. గాలి పోయాక సైఫన్ దానంతటదే నీళ్లను లాగి అవతలికి పారేస్తుంది. మట్టం తగ్గి కింది నుంచి గాలి దూరితే ఆగిపోతుంది. మోటారు లేదు, మనిషి అక్కర్లేదు. ఇంట్లో బిందె, గజం పైపుతో ముందురోజే చేసి చూపిస్తే పిల్లలు కట్ట మీదికి చేరగానే తమంతట తామే అర్థం చేసుకుంటారు. 2019 డిసెంబర్ 31న ఈ కట్టకు గండి పడి, తర్వాత బాగుచేశారు. సైఫన్లు తెరుచుకోవడం చుట్టుపక్కల గట్టి వానలు పడ్డ ఏడాదే చూడగలం.

అక్కడి నుంచి ఆత్మకూరు మీదుగా జూరాల. మధ్యాహ్నం భోజనం ఇక్కడే: డ్యాం దగ్గర వేయించి ఇచ్చే చేపలు, జొన్నరొట్టె. పిల్లలకు ముళ్లు తక్కువున్న ముక్క అడిగి తీసుకోండి. గేట్ల దిగువన రాళ్ల మీదికి దిగొద్దు. సైరన్ మోగాక పైకి ఎక్కి రావడానికి దొరికే టైం తక్కువ. సాయంత్రానికి దేవరకద్ర వైపు తిరిగి కోయిల్‌సాగర్ చూసుకుని మహబూబ్‌నగర్ చేరొచ్చు.

ఇంకో రోజు దొరికితే అచ్చంపేట నుంచి శ్రీశైలం వైపు పోయే మన్ననూరు, దోమలపెంట అడవి దారి కలుపుకోండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు. పెట్రోలు అచ్చంపేటలోనే నింపాలి, మ్యాపు ఫోన్లో దింపుకోవాలి, లోపల చాలాచోట్ల సిగ్నల్ రాదు. కోతులకు ఏమీ వేయొద్దు, వేసిన బండి దగ్గరికే గుంపు చేరుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా నడిపితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతుంది, రెండో గేరులో దిగండి. వాంతులయ్యే పిల్లలకు బయల్దేరే ముందు ఇడ్లీ చాలు, పాలు వద్దు.

బయల్దేరే ముందురోజు స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ చూసుకోండి. శ్రీశైలం మట్టం బాగా పడిపోయిందని పేపర్లో కనిపిస్తే రూటు రద్దు చేయొద్దు. సాగర్ లాంచీ తీసేసి, ఆ పూటను సోమశిలకు కలిపి సంగమేశ్వరం పడవకు పెట్టుకోండి.