పాత కారు, సన్‌రూఫ్ నీళ్ళు, మామగారి నెత్తిన అభిషేకం

నిన్న రాత్రి కారులో కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. మూడు వారాల్లో ఇదే మొదటిసారి. ఆ సంతోషంలోనే ఇది రాసేస్తున్నాను.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారు నోవైలో. కారు 2007 మోడల్. కంపెనీ పేరు రాయను, ఆ కారున్నవాళ్ళు నన్ను బతకనివ్వరు. ఇండియాకి వెళ్ళిపోతున్న ఒక తెలుగబ్బాయి దగ్గర కొన్నాను. సన్‌రూఫ్ ఉందని మురిసిపోయి మరీ కొన్నాను. ఆ మురిపెం ఎలా తీరిందో చెప్పడానికే ఇదంతా.

చలికాలం ముందు చేసుకునే మామూలు పనులు ఒక్క పూటలో అయిపోయాయి. విడిభాగాల దుకాణంలో బ్యాటరీని ఉచితంగా పరీక్షించారు, ఇంకో ఏడాది ఆగుతుందన్నారు. సున్నా ఫారన్‌హీట్ దగ్గర బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఇది మాత్రం మానకండి. రేడియేటర్లో కూలెంట్ సగం, నీళ్ళు సగం ఉంటే మైనస్ 34 ఫారన్‌హీట్ దాకా గడ్డకట్టదు, చూశాను, బాగుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గినప్పుడల్లా టైర్లో గాలి ఒక పీఎస్ఐ తగ్గుతుంది, నింపాను. అద్దం కడిగే నీళ్ళు చలికాలం రకానివి పోశాను. తలుపుల రబ్బర్లకి సిలికాన్ పూశాను, లేకపోతే పొద్దున్నే తలుపు అతుక్కుపోయి ఊడిరాదు. చేతులు దులుపుకున్నాను.

నవంబరు మొదట్లో మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చారు. అంతకుముందు రెండు రోజులు ఒకటే వాన, కారేమో మేపుల్ చెట్టు కింద ఉంది. విమానాశ్రయం నుంచి 275 హైవే మీద వచ్చి, మా ఎగ్జిట్ దగ్గర బ్రేకు వేశాను. పైన లైటు ఉండే చోటు నుంచి చల్లటి నీళ్ళు ధారగా మామగారి నెత్తిమీద పడ్డాయి. మఫ్లర్ తడిసి ముద్దయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, చాలా మర్యాదగా, "ఇవాళ సోమవారం కదా అల్లుడుగారూ, అభిషేకం శివుడికి చెయ్యాలి" అన్నారు. వెనక సీట్లో అత్తగారు నవ్వాపుకోలేక దగ్గారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకూ అప్పటిదాకా తెలియదు. సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీళ్ళని పూర్తిగా ఆపదు. ఆపాలని చేసిందీ కాదు. కొంచెం లోపలికి దిగుతుంది, దిగిన నీళ్ళు కింద ఉన్న పళ్ళెంలాంటి దాంట్లో పడతాయి, నాలుగు మూలల నుంచీ నాలుగు సన్న గొట్టాలు వాటిని బయటికి పంపుతాయి. ముందువి రెండూ ముందద్దం పక్క స్తంభాల్లోంచి దిగి తలుపు కీళ్ళ దగ్గర తేలతాయి. ఆ గొట్టంలో మట్టీ ఆకుముక్కలూ చేరితే పళ్ళెం నిండుతుంది, బ్రేకు వేయగానే ఒలుకుతుంది.

ఇదంతా ఆ రాత్రే వీడియోలు చూసి నేర్చుకున్నాను. మర్నాడు మిత్రుడి గ్యారేజీలో కంప్రెసర్ తీసుకుని కుడివైపు గొట్టంలోకి గట్టిగా గాలి కొట్టాను. లోపల ఎక్కడో "టప్"మంది. అడ్డు తొలగిపోయిందనుకున్నాను. నీళ్ళు పోస్తే సర్రున దిగిపోయాయి. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "పది నిమిషాల పని మామయ్యగారూ, ఇక్కడ మెకానిక్‌కిస్తే వంద డాలర్లు గుంజేవాడు" అని కోశాను. ఆ "టప్"ని గుర్తుపెట్టుకోండి.

నాలుగు రోజుల తర్వాత పొద్దున చూస్తే అద్దాల మీద మంచు లోపలివైపు కట్టింది. బయటిది గీకినట్టు లోపలిది గీకుతూ ఆఫీసుకి వెళ్ళాను. ఆ సాయంత్రం ముందు సీట్లో కూర్చున్న అత్తగారి మేజోళ్ళు తడిశాయి. రేడియేటర్ నీళ్ళేమోనని మామగారి అనుమానం. తెల్ల టిష్యూ అద్ది చూశాం. కూలెంటయితే రంగు ఉంటుంది, తియ్యటి వాసన, వేళ్ళకి జిడ్డు. ఇవి మామూలు నీళ్ళే. అంటే బయటి నుంచి వస్తున్నాయి. సన్‌రూఫ్ నేనే బాగుచేశాను కాబట్టి అదయ్యే ప్రసక్తే లేదు! నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకోవాలి.

షాపుకి తీసుకెళ్ళాను. ఏ షాపో అడక్కండి. కౌంటర్లో ఉన్నాయన పదిమంది ముందు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి, "కారెక్కే ముందు బూట్లకున్న మంచు దులుపుకుంటారా?" అని అడిగాడు. పద్నాలుగేళ్ళుగా ఈ మంచులోనే బతుకుతున్నాను నాయనా. పావుగంట చూసి, చూసినందుకు 165 డాలర్లు వేసి, ముందద్దం చుట్టూ జిగురు పోయిందని తేల్చాడు. అద్దం తీసి మళ్ళీ అతికించడానికి 460. సరేనన్నాను. ఆ సరే అన్నది ఎవరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండు రోజులకి వాన పడింది. మళ్ళీ చెరువే. తిరిగి వెళితే ఆయన కారు వైపు కూడా చూడలేదు. "అద్దం పనికే గ్యారంటీ, అద్దం కారడం లేదు. ఇంత పాత కారుకి ఇంతకన్నా ఏం చేస్తాం, అమ్మెయ్యండి" అన్నాడు. వెనక వరసలో ఉన్నామె నా వైపు జాలిగా చూసింది. నోట మాట రాలేదు. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక అనాల్సిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి, అదీ మంచి గోదావరి తెలుగులో. అందుకే చెబుతున్నా: నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీ కళ్ళకి చూపించమనండి. చూపించలేనివాడికి పైసా ఇవ్వద్దు. ఈ దేశంలో ముసలి కారు వేసుకొచ్చినవాణ్ణి ముసలి మనిషిని చూసినట్టే చూస్తారు.

ఆ శనివారం కొంచెం ఎండొచ్చింది. నేనూ మా ఆవిడా కలిసి మొదలుపెట్టాం. ఆమె లోపల ఫోన్ టార్చితో, నేను బయట తోటకి నీళ్ళు పట్టే గొట్టంతో. పద్ధతి ఏమిటంటే కింది నుంచి పైకి పోవాలి, ఒక్కో చోటా ఐదేసి నిమిషాలు సన్నగా పోయాలి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే ఎక్కడ కారిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అవి తెరిచే ఉన్నాయి. వైపర్ల కింద ప్లాస్టిక్ జల్లెడ తీస్తే రెండు దోసిళ్ళ మేపుల్ గింజలూ కుళ్ళిన ఆకులూ వచ్చాయి. తీసేశాను, కానీ అక్కడా కారడం లేదు. ముందద్దం చుట్టూ పది నిమిషాలు పోశాం, చుక్క రాలేదు. పళ్ళు కొరుక్కున్నాను.

ఇక మిగిలింది సన్‌రూఫే. తెరిచి ఎడమ మూలలో గ్లాసుడు నీళ్ళు పోస్తే తలుపు దగ్గర బయటికొచ్చాయి. కుడి మూలలో పోశాను. సర్రున దిగిపోయాయి. బయటికి మాత్రం రాలేదు. "ఆగాగు, ఇక్కడ గుడగుడమంటోంది" అని అరిచింది ఆవిడ. ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ మైనస్ తీగ తీసి, కాసేపాగి, పైతొడుగు విప్పాను. గొట్టం పళ్ళెం నుంచి ఊడిపోయి వేలాడుతోంది. "టప్" అన్నది అదన్నమాట. అడ్డు తొలగలేదు, గొట్టమే ఊడింది. నా చేత్తో నేనే వాన నీళ్ళకి కారులోకి దారి వేశాను.

గ్యారేజీ గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి మామగారు అంతా చూశారు. కాసేపాగి, "ఆ షాపాయనకి మొత్తం ఎంతిచ్చారు? మన రూపాయల్లో ఎంతవుతుంది?" అన్నారు. యాభై వేలు దాటుతుందని చెప్పడానికి నోరు రాలేదు. "ఎంతో కాదండీ" అన్నాను. అయినా ఆయన రిటైరైన బ్యాంకు మనిషి, లెక్క ఆయనకి తెలుసు.

బాగుచేయడానికి పట్టింది మూడు డాలర్ల క్లిప్పు. గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగ మెల్లగా గొట్టంలోకి తోసి మట్టి బయటికి లాగాను. గొట్టం బిగించి క్లిప్పు వేశాను. గాలి కొట్టకండి, ఇనప తీగ పెట్టకండి.

ఆరబెట్టడమే అసలు చాకిరీ. కార్పెట్ పైకి పొడిగా కనిపిస్తుంది, కింద స్పాంజి దట్టంగా నీళ్ళు పట్టి ఉంటుంది. నాలుగు బోల్టులు విప్పి సీటు ఎత్తి, స్పాంజి పిండితే బకెట్టు నిండింది. అలాగే వదిలేస్తే వాసన సంగతి అటుంచి, కింద వైర్లు పాడవుతాయి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయటి నుంచి ఎటూ ఉప్పు తింటోంది. డెట్రాయిట్ కింద 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, ఈ ఊరివాళ్ళకి మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లడంలో పిసినారితనం ఉండదు. నీళ్ళు పీల్చే వాక్యూమ్ తెచ్చి, ఫ్యానూ, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయరూ పెట్టి, గ్యారేజీ తలుపు మూసి మూడు రోజులు ఉంచాం. దారిలో అద్దాలు మసకబారితే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి, చలికాలమైనా సరే, తేమ అదే లాగేస్తుంది.

జనవరిలో మామగారి తిరుగు ప్రయాణం, మళ్ళీ ఈ కారులోనే. ఈసారి ముందు సీటు వద్దనీ, వెనకే కూర్చుంటాననీ ఆయన ఇప్పుడే చెప్పేశారు. వెనకవైపు రెండు గొట్టాలూ నేనింకా విప్పి చూడలేదు.