నిలువు పైపు సంగతి
భీమవరం దగ్గర ఓ రొయ్యల ప్లాంటులో బ్లాస్ట్ ఫ్రీజర్ (చల్లగాలి జోరుగా కొట్టి సరుకును త్వరగా గడ్డకట్టించేది) కాయిల్, అంటే లోపల అమ్మోనియా మరుగుతూ చల్లబరిచే గొట్టాలు, ఎంతకీ మైనస్ 40కి దిగడం లేదన్నారు. కంప్రెసర్, ఫ్యాన్లు బాగానే ఉన్నాయి. తేడా అంతా కాయిల్ నుంచి పైకి లేచే సక్షన్ పైపులో, అంటే ఆవిరిని కంప్రెసర్ వైపు తీసుకెళ్లే పైపులో. ఎందుకైనా మంచిదని ఒక సైజు పెద్దది వేశారు.

మైనస్ 40 దగ్గర అమ్మోనియా ఆవిరికి, 0 డిగ్రీలతో పోలిస్తే, ఐదింతలు చోటు కావాలి, నిజమే. కానీ పంపుతో కాయిల్‌కి ద్రవ అమ్మోనియాను మరిగేదానికన్నా ఎక్కువే పంపే సిస్టమ్‌లో ఆవిరితోపాటు మిగిలిన ద్రవమూ వెనక్కి రావాలి. పైపు పెద్దదైతే ఆవిరి వేగం తగ్గుతుంది. వేగం చాలకపోతే ద్రవం పైకెక్కదు, నిలువు పైపులోనే ఆగిపోతుంది. అలా 1 మీటరు ద్రవం నిలిస్తే చాలు, ఆ బరువుకి ఒత్తిడి పెరిగి కాయిల్‌లో మరిగే ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీకి పైనే పెరుగుతుంది.

నిలువు ముక్క ఒక్కటే సైజు తగ్గించి వేయించాం. కాయిల్ దిగింది! అడ్డపైపుకీ నిలువుపైపుకీ ఆలోచించకుండా ఒకే సైజు రాసే డ్రాయింగులు చూస్తే నిజంగా బాధేస్తుంది. దానివల్ల పెరిగే కరెంటు బిల్లు ఏళ్ల తరబడి కట్టేది ప్లాంటువాళ్లే కదా.