నాలుగు వారాలకి దొరికింది నాకు ఒక సైకిల్

ఇందాకే క్లాస్ నుంచి వచ్చాను, కాళ్లు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇప్పుడు రాయకపోతే ఇక రాయనని కూర్చున్నా.

మోకాలి నొప్పికి డాక్టర్ గారు పరుగు ఆపేసి సైకిల్ తొక్కమన్నారు, అందులో మోకాళ్ల మీద దెబ్బ తక్కువ పడుతుందని. జిమ్‌లో చేరడం, యాప్ వేసుకోవడం పది నిమిషాల పని. కానీ శనివారం పొద్దున ఏడింటి ఇండోర్ సైక్లింగ్ క్లాస్‌కి 24 సైకిళ్లే, వారం ముందు శనివారం మధ్యాహ్నం 12కి బుకింగ్ తెరుస్తారు. మొదటిసారి 12:01కి చూస్తే అన్నీ అయిపోయాయి. రెండోసారి వెయిటింగ్ లిస్ట్‌లో 6.

ఈ లిస్ట్ గురించి ఒకటి చెప్తా. క్లాస్‌కి 12 గంటల ముందు దాకా క్యాన్సిల్ చేస్తే పెనాల్టీ లేదు, అందుకే శుక్రవారం సాయంత్రం ఏడు లోపల జనం వరసగా వదిలేస్తారు. నాకు 6:50కి వచ్చింది, 11వ నంబర్ సైకిల్. ఎంత సంబరపడ్డానో!

పొద్దున 6:55కే లోపల ఉన్నాను. రిసెప్షన్ దగ్గర క్యూ, నా వంతు వచ్చేసరికి 6:58. ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా "మీ స్పాట్ వేరేవాళ్లకి ఇచ్చేశాం మేడమ్, అయిదు నిమిషాల ముందే చెకిన్ అవ్వాలి" అంది. క్యూలోనే నిలబడ్డాను కదమ్మా అంటే "అందరికీ ఒకటే రూల్ మేడమ్" అని గట్టిగా, వెనకాల ఉన్న వాళ్లందరికీ వినబడేలా. పదకొండేళ్ల ఉద్యోగంలో ఒక్కరోజు లేటుగా వెళ్లని మనిషిని నేను, అంతమంది ముందు ఎగ్గొట్టి వచ్చినదానిలా నిలబెట్టింది. అద్దాల తలుపులోంచి నా 11 కనబడుతోంది, దాని మీద ఎవరో కుర్రాడు, సీటు మరీ కిందకి పెట్టుకుని మోకాళ్లు ఛాతీ దాకా లేపి తొక్కుతున్నాడు. సైకిల్ పక్కన నిలబడితే సీటు తుంటి ఎముక ఎత్తుకి రావాలి బాబూ అని చెప్పాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజం.

అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం పన్నెండుకి బుక్ చేద్దామని తెరిస్తే నాకు "నో షో" పడింది, ఏడు రోజులు బుకింగ్ బంద్! వచ్చినదాన్ని రాలేదని ఎలా రాస్తారు? మేనేజర్ గారికి మెయిల్ పెట్టా. రెండు రోజులకి నో షో తీసేశారు, కానీ అప్పటికి ఆ వారం సైకిళ్లన్నీ నిండిపోయాయి, సారీ అన్న మాట కూడా లేదు. ఆ అయిదు నిమిషాల రూల్ ఎక్కడుందయ్యా అంటే కన్ఫర్మేషన్ మెసేజ్‌లో అట్టడుగున "మరిన్ని వివరాలు" నొక్కితే వస్తుందట.

ఇంకో మాట. నాలుగేసి క్లాసులు పట్టేసుకుని రాత్రికి రాత్రి వదిలేసేవాళ్లున్నారు, అది పక్కవాళ్ల ఆరోగ్యం లాక్కోవడమే. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరుగానైనా ఒళ్లు కదిలించాలని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది, 45 నిమిషాల క్లాసులు మూడు చేసినా ఇంకా పావుగంట తక్కువే, ఆ మూడు కూడా దొరకనివ్వకపోతే ఎలా?

మూడోసారి 11:55కే లాగిన్ అయి ఉన్నా, ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టా, ముందు వరస జోలికి పోలేదు. అందరూ దాని మీదే పడతారు, మనం నొక్కేలోపు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. రెండో వరస చివర నొక్కా, వచ్చేసింది. ఇవాళ 6:40కే చెకిన్ అయిపోయి, అదే అమ్మాయి చేత స్క్రీన్ మీద నా పేరు చూపించుకున్నాకే షూస్ మార్చుకున్నా.

క్లాస్ అయ్యాక మోకాలు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. ఇవాళ 11:55కి అలారం పెట్టేశా, ఈసారి 11వ నంబరే కావాలి.