బోనెట్ ఎత్తకముందే చూడవలసిన చోటు

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి కారు కొంటున్నవాడు ఒక చిన్న కొత్త కారు వాయిదాల మీద తీసుకుంటే సరిపోతుందని ఇంట్లో అందరూ చెప్పారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. అయినా నా మనసు చిన్నప్పటి నుంచీ కాంటెస్సా అనే పాతకాలపు కారు మీదే ఉంది. పలాసలో మా మేనమామగారి వీధిలో ఒక జీడిపప్పు వ్యాపారికి నల్లటి కాంటెస్సా ఉండేది. సాయంత్రం అది సందు మలుపు తిరుగుతుంటే ముందు బోనెట్ మాత్రమే కనిపించేది, ఆ బోనెట్ అంతా వచ్చాక గాని స్టీరింగు పట్టుకున్న మనిషి కనిపించేవాడు కాదు.

దీన్ని మన దేశపు మజిల్ కారు అని ముద్దుగా పిలుస్తారు గాని, కొనేవాడు ఆ మాటను నమ్ముకుని దిగకూడదు. 1964లో అమెరికాలో వచ్చిన పాంటియాక్ జీటీఓలో దాదాపు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్ ఉండేది, మజిల్ కారు అనే మాటకు అసలు అర్థం అలాంటి బండి. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ నమూనాను తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ వారు 1984 నుంచి 2002 వరకు తయారుచేసిన కాంటెస్సాకు ఆ పోలిక పొడుగాటి బోనెట్‌లోనూ, వెనక చక్రాలు తోసే పద్ధతిలోనూ మాత్రమే ఉంది. మొదట్లో వచ్చిన బండ్లకు అంబాసిడర్ తరహా 1.5 లీటర్ ఇంజినే పెట్టారు. ఏభై హార్స్‌పవర్‌తో అంత బరువైన బాడీని లాగడం దానికి కష్టమే. తరువాత వచ్చిన జపాన్ కంపెనీ ఇసుజు వారి 1.8 లీటర్ పెట్రోలు ఇంజిన్, దానితోపాటు వచ్చిన ఐదు గేర్లు ఈ కారుకు అసలైన జోరు ఇచ్చాయి. అందువల్ల కొంటే ఇసుజు పెట్రోలు బండే కొనాలని ముందే నిర్ణయించుకున్నాను.

మొదట చూసిన బండి కళింగపట్నం వైపు, సముద్రానికి దగ్గరలో ఉంది. ఎర్రటి కొత్త పెయింటు, మెరిసే చక్రాలు, తాళం తిప్పగానే అందుకున్న ఇంజిన్. నేను అడ్వాన్సు ఇచ్చేద్దామనే ఉద్దేశంతో జేబులో డబ్బు పెట్టుకునే వెళ్లాను. నాతో వచ్చిన మెకానిక్ మేస్త్రిగారు మాత్రం బోనెట్ వైపు చూడనే లేదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి, తలుపుల కింది అంచు వెంబడి నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లారు. పైన గట్టిగా అంటుకున్న అయస్కాంతం కింద జానెడు మేర అసలు పట్టకుండా జారిపోయింది. అక్కడ ఉన్నది రేకు కాదు, పెయింటు కింద దట్టంగా మెత్తిన పుట్టీ. తరువాత ఆయన డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో రెండుసార్లు తట్టేసరికి తుప్పు పెచ్చులు రాలి, చిల్లులోంచి కింది ఇసుక కనిపించింది.

"ఇంజనుదేటుంది బాబూ, రేపొద్దున్న దించి సేయించుకోవచ్చు. కిందన రేకు పోతే ఇంక కారే నేదు" అన్నారాయన.

ఆ మాటలోని నిజం ఈ కారు కట్టుబడిలోనే ఉంది. జీపుకూ లారీకీ ఉన్నట్టు కాంటెస్సాకు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. బాడీ రేకులే బరువంతా మోస్తాయి. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన రేకు, ముందు సస్పెన్షన్ బిగించిన చోట్లు తుప్పు పట్టాయంటే పోయింది అందం కాదు, కారు ఎముకే. మన శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుగాలి ఒక కారణమైతే, తుఫానులు రెండో కారణం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు కూలడం అందరికీ గుర్తుంది గాని, అలాంటి వానల్లో నీట మునిగిన బండ్లు తరువాత కడిగి, తుడిచి అమ్మకానికి రావచ్చన్న సంగతి కొనేవాళ్లకు గుర్తుండదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద మరక తెలుస్తుంది. సీటు కింది పట్టాలు, డిక్కీలో స్టెప్నీ కింది గుంట, హెడ్‌లైటు లోపలి మూలలు కూడా చూడాలి. కడిగేవాళ్ల చెయ్యి అక్కడిదాకా పోదు.

రెండో బండి విశాఖపట్నంలో చూశాం. రేకు బాగానే ఉంది, కానీ ఎప్పుడో పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టారు, ఆర్.సి.లో మాత్రం పాత ఇంజిన్ నంబరే ఉంది. ధర ఎంత తగ్గించినా అలాంటి బండి జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ బండి మీద ఉన్నవి స్వయంగా చదివి, ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చుకోవాలి.

మూడోది విజయనగరంలో, రిటైరైన ఒక ఉద్యోగి ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద ఉంది. తెల్ల రంగు వెలిసిపోయింది, వెనక బంపరు సొట్ట అలాగే ఉంది, సీట్లు చిరిగాయి. అయస్కాంతం మాత్రం చుట్టూరా అంటుకుంది. మేము వచ్చేదాకా స్టార్టు చెయ్యవద్దని ముందురోజే ఫోనులో బతిమాలుకున్నాం, ఎందుకంటే వేడెక్కిన ఇంజిన్ తన రోగాన్ని దాచుకుంటుంది. చల్లటి ఇంజిన్ మూడో ప్రయత్నానికి అందుకుంది, కాస్త నీలిపొగ వచ్చి ఆగిపోయింది. నీలిపొగ ఆగకుండా వస్తే లోపల ఆయిలు కాలుతోందని, వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయని మేస్త్రిగారు చెప్పారు. ఆయిలు మూత లోపల మజ్జిగ రంగు జిగురు కూడా లేదు. అక్కడే బేరం కుదుర్చుకున్నాం.

కొన్న ధరతో పని అయిపోలేదు. ఫారం 29, 30 మీద సంతకాలతో పేరు మార్పు చేయించాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు నుంచి, ఇరవై ఏళ్లు దాటిన కారైతే దానికి 10,000 రూపాయల రుసుము ఉంది. ఇవి బేరంలో కలుపుకోకపోతే తరువాత బాధపడతాం. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి, దానికోసం తయారు కాని పాత రబ్బరు గొట్టాలనూ కార్బొరేటరు వాషర్లనూ మొదటి వారంలోనే మార్పించాను. తీసిన గొట్టాన్ని వేళ్లతో వంచితే పగుళ్ల మధ్య తడి కనిపించింది.

రంగు ఇప్పట్లో వేయించను. ఈ వర్షాకాలం గడిచాక కారును జాకీల మీదికి ఎత్తించి, నేల రేకంతా గీకించి, తుప్పు ఆపే పూత పూయించాలి. మేస్త్రిగారు దీపావళి తరువాత రమ్మన్నారు.