ఈశాన్యం తప్ప ఎక్కడైనా

మా ఇంట్లో ఇప్పుడు రెండు బీరువాలున్నాయి. బట్టలు పట్టవు, తాళం లేదు, ఒక్కోటి 80 కిలోల పైమాటే. బీరువాలని పేరు పెట్టింది మా ఆవిడ. వాటి అసలు పేరు క్లిప్ష్‌హార్న్, పాటలు వినే పెద్ద స్పీకర్లు. ఇవి ఇంట్లోకి ఎలా వచ్చాయి, వచ్చాక ఎలా నిలబడ్డాయి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి (చాలామంది అంటే ఇద్దరు) రాస్తున్నాను.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. ఇక్కడ తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, కిరాణా కొట్టులో పొరపాటున ఎవరి కాలైనా తొక్కితే "సారీ" కంటే ముందు "అయ్యో" అని వినిపిస్తుంది. శనివారం సాయంత్రం పాటలు వినడానికి మా బేస్‌మెంట్‌లో ముగ్గురం చేరతాం. ఒకాయన దక్షిణ జార్జియా పల్లెలో పుట్టిన పెద్దాయన, కరెంటు స్తంభాలెక్కి తీగలు లాగే ఉద్యోగం 35 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇంకొకడు గుంటూరు తమ్ముడు, జాన్స్ క్రీక్‌లో ఉంటాడు, పళ్ళ డాక్టరు. మూడోవాణ్ణి నేను. పెద్దాయన వచ్చేటప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర ఉప్పు నీళ్ళలో ఉడికిన వేరుశనక్కాయలు ఒక సంచీ నిండా తెస్తాడు. మాది అనంతపురం వైపు. మొదటిసారి ఆ సంచీ విప్పినప్పుడు నేను నోరు తెరిచి ఉండిపోయాను, ఎర్రమట్టి, వేరుశనగ చేలు, ఉడకబెట్టిన కాయలు, ఇంతదూరం వచ్చింది దీనికా అనిపించింది. అమెరికాలో పండే వేరుశనగలో సగం దాకా ఈ ఒక్క రాష్ట్రానిదే, ప్రెసిడెంటు చేసిన జిమ్మీ కార్టర్ కూడా ఇక్కడి ప్లెయిన్స్ అనే ఊరి వేరుశనగ రైతే. "ఇవి మీ వూళ్ళో కూడా తింటారా?" అని పెద్దాయన నన్ను అనుమానంగా చూశాడు, నేనేదో ఆయన తాతగారి ఆస్తిలో వాటా అడిగినట్టు.

మా మాటలన్నీ మామూలే. తమ్ముడికి కొలతల పిచ్చి, చెవిని నమ్మడు, మైక్ పెట్టి కంప్యూటర్లో గీత చూసి "అన్నా, ఇక్కడ మూడు డెసిబెల్స్ గుంట ఉంది" అంటాడు (డెసిబెల్ అంటే శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత). నేను ట్యూబుల వైపు, అంటే పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు. 300బి అనే రకం ట్యూబుల ఆంప్ (పాటని పెంచి స్పీకర్లకి పంపే పెట్టె) నాది, ఒక్కో స్పీకర్‌కి ఎనిమిది వాట్లు, అంతే. జులైలో అది ఆన్ చేస్తే ఏసీ ఒక మెట్టు పెంచాలి. పెద్దాయన ఏ వైపూ కాదు. ఒకసారి తమ్ముడు కొత్త పవర్ కార్డ్ ఒకటి పట్టుకొచ్చాడు, పాములాగా ఉంది, ధర చెప్పనన్నాడు. పెద్దాయన దాన్ని చేత్తో తూచి, "బాబూ, కరెంటు ఆ డ్యామ్ దగ్గర్నుంచి మీ గోడ దాకా ఎలాంటి తీగల మీద వస్తుందో నేను నా చేతుల్తో ముడేసి చూశాను. అందులో సగం తీగల మీద ఉడతలు కాపురం పెట్టాయి. చివరి నాలుగడుగులు పట్టుచీర కడితే ఏం మారుతుంది?" అన్నాడు. (పట్టుచీర నా అనువాదం. ఆయనన్నది టక్సీడో.) పక్కనే ఉన్న ఆయన భార్య తమ్ముడి భుజం తట్టి "బ్లెస్ యువర్ హార్ట్" అంది. తమ్ముడు సంబరపడి థాంక్స్ చెప్పాడు. వాళ్ళు వెళ్ళాక చెప్పాల్సి వచ్చింది, ఈ దక్షిణాదిలో ఆ మాటకి అర్థం ఆశీర్వాదం కాదురా, మన "పాపం వెర్రి నాగన్న" అని.

ఆవిడ సంగతి చెప్పాలి. కనపడిన ప్రతివాళ్ళనీ "హనీ" అంటుంది, ఇక్కడ హోటల్లో కాఫీ పోసే అమ్మాయి దగ్గర్నుంచి అందరూ అంతే. మొదటిరోజు ఆవిడ నన్ను అలా పిలవగానే మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇప్పుడు వాళ్ళిద్దరూ మాకంటే దోస్తులు. మేము కింద బేస్ (పాటలో దడదడలాడే లోతైన శబ్దం) గురించి కొట్టుకుంటుంటే వాళ్ళు పైన వంటింట్లో ఉంటారు. ఆవిడ సీసాల్లో వెనిగర్ పోసి పెట్టిన బెండకాయ పచ్చడి ఇస్తుంది, మా ఆవిడ ఆవకాయ ఇస్తుంది, ఇద్దరూ ఒకరిది ఒకరు రుచి చూసి బాగుందంటారు, ఇద్దరి మాటా నేను నమ్మను.

ఆడియోవాళ్ళలో ఒక మాట ఉంది, వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్ అని. 1983లోనే ఇక్కడి ఒక ఆడియో పత్రిక సమీక్షలో వాడారు. వస్తువు ఎంత బాగా పాడుతుంది అన్నది ఒక లెక్క, హాల్లో పెట్టనిస్తారా అన్నది ఇంకో లెక్క. మొగుళ్ళకి ఇది కష్టం కాబట్టి అందరం దొడ్డిదారులు కనిపెట్టుకున్నాం. తమ్ముడి పార్సిళ్ళు మా గరాజ్‌కి వస్తాయి. "ఇవి ఎవరివి?" అని మా ఆవిడ ఒకరోజు అడిగింది. తమ్ముడివి, క్లినిక్ సామాన్లు అన్నాను. "పళ్ళ డాక్టరుకి సబ్‌వూఫర్ ఎందుకండీ? పన్ను కదలడానికా?" అంది. అట్ట పెట్టె మీద ఆ బేస్ స్పీకర్ బొమ్మ ఉంటుందని ఆ వెధవ చెప్పనేలేదు.

ఇక క్లిప్ష్‌హార్న్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్ళోని ఆయుధ పరీక్షా కేంద్రంలో పనిచేసిన పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు, 1946లో అక్కడే కంపెనీ పెట్టి దీన్ని తయారు చేశాడు, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ప్రెసిడెంటు చేసిన బిల్ క్లింటన్ పుట్టింది కూడా అదే ఊళ్ళో, అదే ఏడాది. హోప్‌కి ఎవరి వల్ల పేరొచ్చింది అని అడిగితే మా పెద్దాయన తడుముకోకుండా స్పీకర్లాయనే అంటాడు. దీని తెలివంతా మూలలో ఉంది. పాత మోడల్‌కి వెనక పూర్తి పెట్టె ఉండదు, గది మూలలో కలిసే రెండు గోడలే బేస్ హార్న్‌కి మిగతా భాగం. మన ఊళ్ళో మైక్ సెట్ బాకా చూశారు కదా, ఆ బాకాని మడిచి మడిచి చెక్కలో పెట్టి, చివరి మూరెడు మీ గోడలతో పూర్తి చేసుకోమన్నాడు. అందుకే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ అంటారు. 85 డెసిబెల్స్ చిన్న స్పీకర్‌కి వంద వాట్లు కావాల్సిన చోట దీనికి ఒకటి చాలు. నా ఎనిమిది వాట్లకి ఇది తప్ప గతి లేదని మా ఆవిడకి మూడేళ్ళుగా చెప్తున్నాను.

అలబామాలో షెఫీల్డ్ దగ్గర ఒకావిడ అమ్ముతోందని పెద్దాయనే చెప్పాడు. భర్త పోయి ఏడాదయిందట. పెద్దాయన పికప్‌లో తెల్లారే బయల్దేరాం. షెఫీల్డ్‌లో జాక్సన్ హైవే మీద 3614 నంబరు బిల్డింగ్ ముందు బండి ఆపించాను, 1969లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండు వచ్చి రికార్డింగ్ చేసుకున్న మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో అదే. అంతకుముందు శవపేటికలమ్మే షోరూమట. మా ఊరి సొసైటీ ఎరువుల గోడౌన్ ఇంకొంచెం పెద్దగా ఉంటుంది.

ఆవిడ తీపి టీ ఇచ్చింది. తీపి అంటే మన పెళ్ళి పాయసం తీపి, ఐసు ముక్కలతో. స్పీకర్లు హాల్లో రెండు మూలల్లో ఉన్నాయి, మీద లేసు గుడ్డలు, ఒకదాని మీద మనవరాలి గ్రాడ్యుయేషన్ ఫొటో. నేను ధర తగ్గించి అడుగుదామని గొంతు సవరించుకున్నాను. ఆవిడ ఒక నోట్‌బుక్ తెచ్చింది. భర్త ఏ వస్తువు ఎప్పుడు కొన్నాడు, తనకి ఎంతని చెప్పాడు, నిజంగా ఎంతిచ్చాడు, మూడు గళ్ళు. "నలభై ఏళ్ళు ఒక ఆఫీసులో లెక్కలు రాశాను హనీ, నా ఇంటి బ్యాంకు కాగితం చదవలేనా?" అంది. ఆయనకి తెలుసా, మీకు తెలుసని? అని అడిగాను. "లేదు. దాచడానికి చాలా కష్టపడేవాడు. ఎందుకు పాడు చేయడం?" పెద్దాయన టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నాడు. నేను బేరం ఆడలేదు. పైన ఉండే, మధ్య శబ్దాలూ సన్న శబ్దాలూ పలికే భాగం ఎత్తి వేరు చేస్తే కింది బేస్ డబ్బా గుమ్మంలోంచి పడుతుంది, లేకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం.

తిరుగు దారిలో ఎవ్వరం పెద్దగా మాట్లాడలేదు, జార్జియాలోకి వచ్చాక మాత్రం పెద్దాయన అన్నాడు, "ఇంటికెళ్ళి నా నోట్‌బుక్ ఎక్కడుందో వెతుకుతా." అలబామా టైము మా జార్జియా కంటే గంట వెనక, ఆ సంగతి మర్చిపోయి ఎనిమిదింటికి వస్తానని చెప్పినవాణ్ణి తొమ్మిది దాటాక దిగాను.

గుమ్మంలో మా ఆవిడ ఉంది. చేతిలో ఫోను, ఫోనులో విజయవాడ నుంచి మా అత్తగారు. వీడియో కాల్. అక్కడ తెల్లారి ఏడవుతోంది, స్నానం చేసి బొట్టు పెట్టుకుని తయారుగా ఉన్నారు. "అల్లుడుగారూ, బరువైన సామానట కదా, ఏ మూల పెడుతున్నారు?" అన్నారు.

ఇది నేను ఊహించలేదు. ఈ స్పీకర్లకి ఒకే గోడకి రెండు మూలలూ కావాలి. ఉత్తరం గోడ తీసుకుంటే ఒకటి ఈశాన్యంలో పడుతుంది. తూర్పు గోడ తీసుకున్నా అంతే. ఈశాన్యంలో బరువు పెట్టనివ్వరు, అక్కడ దేవుడి మందిరం కూడా ఉంది. పడమర గోడకి పెరట్లోకి వెళ్ళే అద్దాల తలుపు. మిగిలింది దక్షిణం గోడ. నైరుతి మూలలో బియ్యం బస్తాలున్నాయి. "అక్కడ బరువుండాలి, తీయకండి" అన్నారు అత్తగారు. బియ్యం కంటే ఇవే బరువండీ అన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. మరి ఆగ్నేయం? అది అగ్ని మూల. అప్పుడు నాకు మెరుపులా తట్టింది, ట్యూబ్ ఆంప్ ఆన్ చేసి ఫోను దాని ముందు పెట్టాను. చీకట్లో రెండు ట్యూబులూ నిప్పుకణాల్లా వెలుగుతున్నాయి. "ఇది ఆ మూల పెడతాను" అన్నాను. అత్తగారు చేతులు జోడించారు, నాకో ట్యూబులకో తెలీదు. ఇదంతా వివరిస్తే పెద్దాయన, గదిలో శబ్దం గురించి ఇంత లోతైన శాస్త్రం తను వినలేదన్నాడు.

ఇంకో గొడవ గోడ అడుగున ఉండే చెక్క పట్టీ. స్పీకర్ అంచు గోడకి సందు లేకుండా ఆనాలి, లేకపోతే బేస్ కారిపోతుంది. ఆనాలంటే పట్టీ కొయ్యాలి. రంపం పట్టుకుని మోకాళ్ళ మీద కూచున్న నన్ను చూసి మా ఆవిడ "ఇల్లమ్మేటప్పుడు ఏం చెప్తారు?" అంది. స్పీకర్లతో కలిపి అమ్ముదాం అన్నాను. చివరికి ఒక షరతు మీద సరేనంది. కింద ఎంతయినా కోసుకోండి, పైభాగం నాది.

పైభాగం అంటే అర్థమయింది దసరాకి. రెండు స్పీకర్ల మీద పట్టు గుడ్డ పరిచి బొమ్మల కొలువు పెట్టింది. కొండపల్లి బొమ్మలు పొణికి చెక్కవి, అగ్గిపెట్టెంత బరువు కూడా ఉండవు. డబుల్ బేస్ అనే నిలువెత్తు ఫిడేలు వాయించే రికార్డు పెట్టామా, వడ్లు దంచే అమ్మాయి చిన్నగా నడక మొదలెడుతుంది, పల్లకీ మోసేవాళ్ళు దారి తప్పుతారు. తమ్ముడు కొలతల మైక్ పక్కన పెట్టేసి, 40 హెర్ట్జ్ (సెకనుకి కంపనాల లెక్క) దగ్గర వడ్లమ్మాయి తిరుగుతోందని, 60 దగ్గర ఏనుగు కదులుతోందని రాసుకున్నాడు. పెద్దాయన మాత్రం తనకీ ఒక ఏనుగు కావాలన్నాడు.

పండుగ అయిపోయినా ఆవిడ ఆ వడ్లమ్మాయిని అక్కడే ఉంచేసింది. ఎందుకో మొదట్లో నాకు తట్టలేదు. మొన్న ఆదివారం పొద్దున కాఫీ ఇస్తూ "రాత్రి ఎన్నింటిదాకా విన్నారు?" అంది. పదిన్నరకే కట్టేశాను, అదీ చిన్నగా పెట్టుకున్నాను అన్నాను. మాట్లాడకుండా కప్పు పట్టుకుని నన్ను కిందికి తీసుకెళ్ళింది. వడ్లమ్మాయి గోడవైపు తిరిగి, రోకలి చేత్తో పట్టుకుని, అంచుకి రెండంగుళాల దూరంలో నిలబడి ఉంది.